‘అన్నా, ఫ్లాట్ తీసుకోవచ్చా?’ అని అడిగితే

ప్రశ్న:

నమస్తే మేడం. నాకు 37 ఏళ్లు. హైదరాబాద్‌లో ఒక అమెరికన్ సాఫ్ట్‌వేర్ కంపెనీలో పదకొండేళ్లుగా పనిచేస్తున్నాను. నేను చేరిన రోజుల్లో మా కంపెనీ పేరు చెబితే పెళ్లి సంబంధాలు వెతుక్కుంటూ వచ్చేవి. పెద్ద పెద్ద బ్యాంకులు తమ డేటా దాచుకోవడానికి మా సాఫ్ట్‌వేరే వాడేవి. ఇప్పుడు అందరూ క్లౌడ్‌కి, అంటే ఇంటర్నెట్‌లో అద్దెకు దొరికే సర్వర్లకి, వెళ్లిపోతున్నారు. నాలుగేళ్లలో ముగ్గురు సీఈఓలు మారారు. రెండేళ్ల కింద ఒక పెట్టుబడి సంస్థ మా కంపెనీని కొనేసింది. హైక్‌లు లేవు, వేరియబుల్ పే సగమే ఇస్తున్నారు, మా ఫ్లోర్‌లో సగం కుర్చీలు ఖాళీ. అయినా మొన్న ఏప్రిల్‌లో నాకు మేనేజర్‌గా ప్రమోషన్ వచ్చింది. తొమ్మిది మంది టీమ్ ఇచ్చారు. మా డైరెక్టర్ చాలా మంచి మనిషి. “నువ్వు కూడా వెళ్లిపోతే ఇక్కడెవరు మిగులుతారు?” అంటున్నారు. నిజాంపేటలో ఫ్లాట్ ఈఎంఐ ఇంకా పన్నెండేళ్లు కట్టాలి. తెనాలిలో ఉన్న అమ్మానాన్నలకు ఇవేవీ చెప్పలేదు.

పోయిన నెల మా టీమ్‌లో కుర్రాడొకడు వచ్చి, “అన్నా, ఫ్లాట్ బుక్ చేద్దామనుకుంటున్నా. మన కంపెనీ పరిస్థితి బాగానే ఉందిగా?” అని అడిగాడు. వచ్చే క్వార్టర్‌లో మనుషుల్ని తగ్గిస్తారని నాకు అప్పటికే చెప్పారు, ఎవరితోనూ అనొద్దన్నారు. “ఏం కాదులేరా, తీసుకో” అనేశాను. అడ్వాన్స్ కట్టేశాడు. అప్పట్నుంచి నాకు సరిగ్గా నిద్ర లేదు. నేను ఉండాలా, వెళ్లిపోవాలా?

– ఎస్., హైదరాబాద్

సమాధానం:

ఎస్. గారూ,

మీరు అడిగిన ప్రశ్న ఒకటి, మిమ్మల్ని నిద్రపోనివ్వని ప్రశ్న ఇంకొకటి. రెండోదే ముఖ్యమైనది. కానీ దాని దగ్గరికి రావాలంటే ముందు నా సంగతి ఒకటి చెప్పాలి. మీరున్న చోట నేనూ ఉన్నాను, అచ్చం ఇలాగే.

మీ టీమ్ పిల్లలు పేజర్ అనే, చిన్న మెసేజ్‌లు మాత్రమే చూపించే వస్తువును చూసి ఉండరు. మన దేశంలో పేజర్లు 1995లో వచ్చాయి. మొబైల్ ఫోన్ కూడా ఆ ఏడాదే వచ్చింది కానీ, అప్పట్లో మాట్లాడితే నిమిషానికి పదహారు రూపాయల దాకా పడేది. ఎవరైనా మనకు ఫోన్ చేసినా మన జేబుకే చిల్లు. అందుకని డాక్టర్లు, మెడికల్ రెప్‌లు, సర్వీస్ ఇంజినీర్లు నడుముకు పేజర్ తగిలించుకునేవాళ్లు. హైదరాబాద్‌లో ఒక పేజర్ కంపెనీలో నేను ఆపరేటర్‌ని. ఎవరైనా మాకు ఫోన్ చేసి ఫలానా నంబర్‌కి ఫలానా మెసేజ్ పంపమంటే టైప్ చేసి పంపాలి. “నాన్నకి బాగోలేదు, వెంటనే బయలుదేరు” అని ఇంగ్లిష్ అక్షరాల్లో తెలుగు కొట్టేవాళ్లం. ఊళ్లో పుట్టుకలూ చావులూ అన్నీ మా చెవులు దాటుకునే వెళ్లేవి. రాత్రి షిఫ్టులో నలభై మందిమి కూర్చుంటే కాఫీ తాగడానికి లేవలేకపోయేవాళ్లం.

1999లో కొత్త టెలికాం విధానం వచ్చింది. మొబైల్ కంపెనీలు ప్రభుత్వానికి ముందే కట్టాల్సిన భారీ లైసెన్సు ఫీజు పోయి, ఆదాయంలో వాటా కట్టే పద్ధతి మొదలైంది. ఇక కాల్ ధరలు దిగడం మొదలుపెట్టాయి. మా మేనేజర్లు మాత్రం “మొబైల్ డబ్బున్నవాళ్ల వస్తువు, మనది సామాన్యుడిది” అని మీటింగ్ పెట్టినప్పుడల్లా చెప్పేవాళ్లు. వినడానికి బాగుండేది. నేను కూడా బయటికెళ్లి అదే మాట చెప్పేదాన్ని. ఇటు చూస్తే రాత్రి షిఫ్టులో రెండు ఫోన్ల మధ్య ఖాళీ పెరుగుతూ వచ్చింది. మొదట కాఫీ తాగే తీరిక, తర్వాత వారపత్రిక చదివే తీరిక, ఆ తర్వాత స్వెటర్ అల్లుకునే తీరిక. ఒక స్వెటర్ పూర్తిగా ఆఫీసులోనే అల్లాను. అప్పటికైనా అర్థం కావాలి కదా, కాలేదు.

ఎందుకు కాలేదంటే నాకప్పుడు ప్రమోషన్ వచ్చింది.

నా పైన ఉన్న ఇద్దరు ఆరు నెలల తేడాలో వెళ్లిపోయారు. దాంతో నన్ను షిఫ్ట్ సూపర్‌వైజర్ని చేశారు. ఇంట్లో పండగ. మంచి కంపెనీలో పదేళ్లు పట్టేది నాకు నాలుగేళ్లలో వచ్చేసింది. దిగజారుతున్న కంపెనీలో పదవులు చవకవుతాయి ఎస్. గారూ. పైవాళ్లు దిగిపోయాక ఆ మెట్టు మీద ఎవరో ఒకరు నిలబడాలి కాబట్టి మనల్ని నిలబెడతారు. మీకు అర్హత లేదని కాదు, బహుశా చాలా ఉంది. కానీ ఈ మేనేజర్ హోదాను చూసి ‘నా భవిష్యత్తు ఇక్కడే ఉంది’ అనుకుంటే నాలాగే పొరపాటు పడతారు. ఆ సూపర్‌వైజర్ కుర్చీ నన్ను ఏడాదిన్నర అదనంగా కూర్చోబెట్టింది.

మీ దగ్గర ఇంకో చిక్కు కూడా ఉంది. కంపెనీ పడిపోతున్నా హైదరాబాద్ ఆఫీసుకు ఆ సంగతి ఆలస్యంగా తెలుస్తుంది. ఒక పాత సాఫ్ట్‌వేర్‌కు కొత్త కస్టమర్లు రావడం ఆగిపోయాక, ఉన్నవాళ్లు ఏటా కట్టే రెన్యూవల్ డబ్బే ఆదాయం. బ్యాంకులు అంత తేలిగ్గా మార్చుకోవు కాబట్టి ఆ డబ్బు ఏళ్ల తరబడి వస్తూనే ఉంటుంది. మిమ్మల్ని కొన్న పెట్టుబడి సంస్థ చూసుకునే లెక్క చాలావరకు ఇదే: కొత్తది కట్టే ఖర్చు ఆపెయ్, పాతదాన్ని తక్కువ జీతాలతో నడిపించు, పాలిచ్చినంత కాలం పితుకు. అలాంటప్పుడు అమెరికాలో టీమ్‌ను తీసేసి బగ్‌లు సరిచేసే పనిని హైదరాబాద్‌కో బెంగళూరుకో ఇస్తారు. ఇక్కడ మనుషులు పెరుగుతారు, బాధ్యతలు పెరుగుతాయి, మనకు అది ఎదుగుదలలాగే కనిపిస్తుంది. మీ కంపెనీలోనూ మొదట్లో ఇలా జరిగిందేమో గుర్తు తెచ్చుకోండి.

మరి పైన ఉన్న పెద్ద తలకాయలకు ఇదంతా తెలియదా అంటారా? నోకియా కథ చూడండి. 2007లో ఐఫోన్ వచ్చే నాటికి ప్రపంచంలో ఫోన్లంటే నోకియానే. ఆరేళ్లు తిరిగేసరికి, 2013 సెప్టెంబరులో, తన ఫోన్ల వ్యాపారాన్ని మైక్రోసాఫ్ట్‌కు అమ్ముకుంటున్నట్టు ప్రకటించింది. మన పొరుగున శ్రీపెరుంబుదూరులో 2006లో మొదలై వేల మందికి, అందులోనూ పల్లెల నుంచి వచ్చిన ఆడపిల్లలకు ఉపాధి ఇచ్చిన ఫ్యాక్టరీ 2014 నవంబరు 1న ఆగిపోయింది. పన్నుల తగాదా వల్ల మైక్రోసాఫ్ట్ దాన్ని తీసుకోనేలేదు. ఇంతకీ నేను చెప్పాలనుకున్నది వేరు. టిమో వూరి, క్వీ హ్యూ అనే ఇద్దరు ఆచార్యులు నోకియా మేనేజర్లు, ఇంజినీర్లు, బయటి నిపుణులు కలిపి 76 మందిని కూర్చోబెట్టి అసలేం జరిగిందని అడిగారు. తేలిందేమిటంటే, వాళ్ల సాఫ్ట్‌వేర్ ఐఫోన్‌కు సాటి రాదని మధ్యలో ఉన్న మేనేజర్లకు తెలుసు. పైవాళ్లకు కోపం వస్తుందని, ఉద్యోగం పోతుందని భయపడి ‘అయిపోతుంది సార్, వచ్చేస్తుంది సార్’ అంటూ పోయారు. పైవాళ్లు అదే నమ్మి ముందుకెళ్లారు. అంటే అంత పెద్ద కంపెనీలో నిజం మధ్యలో ఉన్నవాళ్ల దగ్గరే ఆగిపోయింది.

ఇప్పుడు ఆ మధ్యలో ఉన్నది మీరు. నోకియాలో నిజం పైకి వెళ్లలేదు. మీ దగ్గర అది కిందికి దిగడం లేదు.

పడిపోయే ప్రతి కంపెనీ పోతుందని నేననను. 1993లో ఐబీఎం పని అయిపోయిందనుకున్నారు, నిలబడింది. మన హైదరాబాదీ సత్య నాదెళ్ల 2014 ఫిబ్రవరిలో మైక్రోసాఫ్ట్ పగ్గాలు పట్టినప్పుడు దానికి కూడా చాదస్తపు ముసలి కంపెనీ అనే పేరుంది. కానీ నిలబడ్డవాళ్లు చేసిన పని గమనించండి. తమకు డబ్బు తెచ్చిపెడుతున్న పాత వస్తువును తమ చేత్తోనే పక్కకు నెట్టారు. విండోస్ అమ్మకాలే ప్రాణం అనుకున్న కంపెనీ, ఆయన వచ్చిన రెండో నెలలోనే తన ‘ఆఫీస్’ సాఫ్ట్‌వేర్‌ను ఆపిల్ ఐప్యాడ్ మీద పెట్టింది. మీ కంపెనీలో అలాంటిదేమైనా జరుగుతోందా? క్లౌడ్ పేరుతో కొత్త ప్రాజెక్టు ఉంటే దానికి మంచి ఇంజినీర్లను ఇస్తున్నారా, లేక పవర్‌పాయింట్ మాత్రమే ఇస్తున్నారా? గడిచిన ఏడాదిలో ఒక్క కొత్త కస్టమరైనా వచ్చాడా? సేల్స్‌లో ఉన్న స్నేహితుడితో టీ తాగితే పది నిమిషాల్లో తెలిసిపోతుంది. పైవాళ్లు అందర్నీ కూర్చోబెట్టి పెట్టే టౌన్‌హాల్ మీటింగుల్లో తెలియదు. (నాలుగేళ్లలో ముగ్గురు సీఈఓలు అన్నారు కాబట్టి నాకైతే జవాబు ఇప్పటికే కొంత కనిపిస్తోంది.)

నన్నడిగితే, వెళ్లండి. కానీ రేపే కాదు. రాజీనామా ముందు పడేసి ఉద్యోగం తర్వాత వెతుక్కునే పరిస్థితి మీది కాదు, ఈఎంఐ ఉంది. ఆరు నెలలు గడువు పెట్టుకోండి. ఈ ఆరు నెలల్లో పాత సాఫ్ట్‌వేర్‌తోనే, బయటివాళ్లకు అర్థమయ్యే పని ఒకటి చేయండి. ఉదాహరణకు, మీ కస్టమర్లు క్లౌడ్‌కి పోతున్నారని బాధపడేకన్నా, ఆ డేటాను పాడవకుండా అటు చేర్చే పనిని మీ టీమ్ నెత్తిన వేసుకోవచ్చు. బ్యాంకుల డేటా పదకొండేళ్లు చేతులతో తడిమి చూసినవాడు ఆ పనికి ఎంత విలువైనవాడో మీకు తెలియడం లేదు. ఇలాంటి కంపెనీలో ఎక్కువ కాలం ఉంటే ముందు అరిగిపోయేది జీతం కాదు, మన మీద మనకున్న అంచనా. నేను పేజర్ కంపెనీ వదిలి ఇంటర్వ్యూలకు వెళ్తే, ‘ఏం చేసేవాళ్లు?’ అని అడిగినప్పుడు గొంతు తగ్గిపోయేది. చివరికి ఒక టెలికాం కంపెనీ బిల్లింగ్ విభాగంలో నన్ను తీసుకున్నది నా సూపర్‌వైజర్ హోదా చూసి కాదు. రాత్రిపూట ఎన్ని కాల్స్ ఎప్పుడొస్తాయో లెక్కగట్టి షిఫ్టులు వేసే చిన్న పట్టిక ఒకటి సొంతంగా తయారు చేసుకున్నాను, అది చూసి. ఆ పట్టిక గొప్పదని నాకు అప్పటిదాకా తెలియదు.

డబ్బు సంగతులు గబగబా చెప్పేస్తాను, ఎందుకంటే వీటిలో ఆలోచించడానికేం లేదు, చెయ్యడమే. పీఎఫ్ పాస్‌బుక్ ప్రతి నెలా చూసుకోండి. మీ జీతంలో కోసిన పీఎఫ్‌ను కంపెనీ మరుసటి నెల 15వ తేదీలోగా జమ చేయాలి. మా కంపెనీ చివరి ఏడెనిమిది నెలలు మా దగ్గర కోసింది కానీ కట్టలేదు. అప్పట్లో ఫోన్‌లో చూసుకునే వీలు లేదు, మాకు ఆ సంగతి తెలిసేసరికే తలుపులు మూసేశారు. మీకు ఆ వీలుంది, వాడుకోండి. జీతంలో కోసిన పన్ను (టీడీఎస్) జమ అవుతోందో లేదో ఆదాయపు పన్ను శాఖ వెబ్‌సైట్‌లో చూడండి. గ్రాట్యుటీ కోసమని ఆగకండి, అయిదేళ్లు దాటాయి కాబట్టి అది ఎప్పుడు వెళ్లినా మీదే. మీ బేసిక్ 60 వేలనుకుంటే పదకొండేళ్లకు దాదాపు 3 లక్షల 80 వేలు వస్తుంది. ఆరోగ్య బీమా మాత్రం ఈ నెలలోనే సొంతంగా తీసుకోండి. కంపెనీ ఇచ్చేది ఉద్యోగంతోపాటే పోతుంది, తెనాలిలో ఉన్న పెద్దవాళ్లను అప్పుడు కొత్తగా చేర్పిస్తే వాళ్లకు ముందే ఉన్న జబ్బులకు మూడేళ్ల దాకా ఆగమనొచ్చు.

ఇంకొక్కటి. ఏదో ఒక రోజు మిమ్మల్నే గదిలోకి పిలిచి, మీరే స్వయంగా రాజీనామా చేస్తున్నట్టు కాగితం ముందు పెడితే అక్కడికక్కడ సంతకం పెట్టకండి. “ఇంటికెళ్లి చదువుకుని రేపు చెప్తాను” అనండి. నోటీసు జీతం ఎంత, మిగిలిన సెలవుల డబ్బెంత, రిలీవింగ్ లెటర్ ఎప్పుడిస్తారు, అన్నీ మెయిల్‌లో రాసివ్వమనండి. హెచ్ఆర్ అమ్మాయి తొందరపెడుతుంది. పాపం ఆమె ఉద్యోగమూ అంతంతమాత్రమే, గొంతు పెంచకండి.

మీ డైరెక్టర్ మంచివాడే అయ్యుంటాడు. ఇలాంటి కంపెనీల్లో చివరిదాకా మిగిలేవాళ్లలో మంచివాళ్లు చాలామందే ఉంటారు, అదే అక్కడున్న ఆకర్షణ కూడా. క్యాంటీన్‌లో పదిమందే మిగిలాక ఆ పదిమంది మధ్య ఏర్పడే స్నేహం ఇంకెక్కడా దొరకదు. మేం కూడా ఇళ్ల నుంచి ఉప్మా, పులిహోర తెచ్చుకుని ఖాళీ టెర్మినళ్ల మధ్య పంచుకు తినేవాళ్లం. కానీ ఆయన ‘నువ్వు వెళ్లకు’ అంటున్నది మీ కోసమా, తన క్వార్టర్ గడవడం కోసమా అనేది ఆయన మాటల్లో వెతక్కండి. ‘నాకు ఏడాదికి రాతపూర్వకంగా ఏం హామీ ఇవ్వగలరు?’ అని నవ్వుతూ అడిగి చూడండి. ఇవ్వలేనంటే ఆయన తప్పేమీ లేదు, ఆయన చేతిలో లేదంతే. మీరు వెళ్లినా తప్పు లేదు. పదకొండేళ్లు పనిచేశారు, జీతం ఇచ్చారు, లెక్క సరిపోయింది.

అమ్మానాన్నలకు చెప్పండి. తెనాలిలో వాళ్లు మీ కంపెనీ పేరు నలుగురిలో చెప్పుకుంటున్నారని మీకు మొహమాటం. పేరు మారితే కొత్త పేరు చెప్పుకుంటారు. మీరు రాత్రిళ్లు పడుకోవడం లేదని మూడో మనిషి ద్వారా తెలిస్తే మాత్రం తట్టుకోలేరు.

ఇక ఆ కుర్రాడి సంగతి.

నేను సూపర్‌వైజర్ అయిన ఏడాదికి, మా షిఫ్టులో ఒక అమ్మాయి వచ్చి, “అక్కా, నాకు ఒక ఆసుపత్రి రిసెప్షన్‌లో ఉద్యోగం వచ్చింది. జీతం ఇక్కడికన్నా మూడు వందలు తక్కువ. వెళ్లమంటావా?” అని అడిగింది. అప్పటికే మా సెంటర్ మూతపడుతుందన్న మాట నా చెవిన పడింది. కానీ ఆ అమ్మాయి వెళ్లిపోతే రాత్రి షిఫ్టుకు మనిషి ఉండదు, ఆ షిఫ్టు నేనే చెయ్యాలి. “మూడు వందలు తక్కువకెందుకే, ఉండు” అన్నాను. నాలుగు నెలలకు సెంటర్ మూసేశారు. ఆ ఆసుపత్రి ఉద్యోగం ఎప్పుడో వేరేవాళ్లకు ఇచ్చేశారు. ఆ పిల్ల నన్ను ఒక్క మాట కూడా అనలేదు. చివరి రోజు నాకు పెన్ను బహుమతిగా ఇచ్చి వెళ్లింది. మీరు కంపెనీ చెప్పొద్దంది కాబట్టి అబద్ధమాడారు. నేను నా రాత్రి నిద్ర కోసం ఆడాను. మీది నా అంత చెడ్డది కాదు. పైగా మీకింకా సమయం ఉంది, నాకు లేకపోయింది.

మనుషుల్ని తగ్గిస్తారని, ఎప్పుడో కూడా మీకు నమ్మి చెప్పారు. అది బయటపెట్టనక్కర్లేదు, పెట్టకూడదు కూడా. కానీ చెప్పకూడనిది చెప్పకపోవడం వేరు, ‘ఏం కాదులే’ అనడం వేరు. ఆ కుర్రాణ్ని ఆఫీసులో కాదు, బయట ఎక్కడైనా టీకి తీసుకెళ్లండి. “పోయిన నెల నువ్వడిగినప్పుడు నేను ఆలోచించకుండా చెప్పేశాను. మన కంపెనీలో ఎవరి ఉద్యోగానికీ, నాదానికి కూడా, నేను హామీ ఇవ్వలేను. నేనే నీ స్థానంలో ఉంటే ఈ ఏడాది అప్పు చెయ్యను” అనండి. ఇందులో కంపెనీ రహస్యమేం లేదు, ఖాళీ కుర్చీలు అతనికీ కనిపిస్తున్నాయి. అతనికి కోపం రావొచ్చు, రానివ్వండి.

అడ్వాన్స్ ఎంత కట్టాడో, చేతిలో ఏ కాగితం ఉందో అడగండి. ఇళ్లు కొనేవాళ్ల రక్షణకున్న రెరా చట్టం ప్రకారం అగ్రిమెంట్ రాసుకుని రిజిస్టర్ చేయకుండా బిల్డర్ ఫ్లాట్ ధరలో పది శాతానికి మించి తీసుకోకూడదు. బుకింగ్ ఫారంలో రద్దు చేసుకుంటే ఎంత కోస్తారో రాసి ఉంటుంది, అది ఇద్దరూ కలిసి చదవండి. బ్యాంకు లోన్ ఇంకా మంజూరు కాకపోతే అక్కడే ఆపొచ్చు. అగ్రిమెంట్ రిజిస్టర్ అయిపోతే వెనక్కి రావడం కష్టం, కాబట్టి ఆ తేదీ ఎప్పుడో ముందు కనుక్కోండి. ఈ పత్రిక మీ చేతికి అందేసరికి శనివారం అవుతుంది. సోమవారం దాకా ఆగకండి, ఆ అబ్బాయికి ఇవాళే ఫోన్ చేయండి.